పట్టాలు పోయినా దారి తెగకూడదు

అందరికీ నమస్కారం.

ఒక రైలు మార్గం మూతపడిందంటే అందరి కళ్లూ ముందు పట్టాల మీద పడతాయి. ఉక్కు కదా, తూకానికి అమ్ముడుపోతుంది. తర్వాత పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లు, వాటి వెనక కంకర, ఆ తర్వాత స్టేషన్ల తలుపులూ కిటికీలూ. అన్నీ పోయాక మిగిలిన మట్టి కట్టను చూసి, ఇందులో ఇంకేం మిగిలిందిలే అనుకుంటారు. నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నది నడకకూ సైకిళ్లకూ బాటగా మారగల ఆ మిగిలిన కట్ట గురించే. రైల్వే వదిలి వెళ్లిన ఆస్తిలో అన్నిటికన్నా విలువైనది అదే అని నా నమ్మకం. అమ్మేసిన ఉక్కు కావాలంటే మళ్లీ కొనుక్కోవచ్చు. ముక్కలైపోయిన దారిని మళ్లీ కలపడం మాత్రం దాదాపు ఎవరివల్లా కాలేదు.

ఆ కట్టలో ఏముందో ముందు చూద్దాం. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లేటప్పుడు ఒరిపిడి చాలా తక్కువ. అందుకే ఒక్క ఇంజను వేల టన్నుల బరువును లాగగలుగుతుంది. ఎత్తు ఎక్కాల్సి వస్తే మాత్రం ఆ సుగుణమే ఇబ్బంది పెడుతుంది. పట్టు చాలక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. కాబట్టి రైలు మార్గం వేసేవారు వాలు విషయంలో ఎంతో పట్టుదలగా ఉండేవారు. నూరు మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు, కొండ ప్రాంతమైతే రెండు మీటర్లు. చాలా మార్గాలు ఆ హద్దు దాటలేదు. ఆ లెక్క తప్పకుండా ఉండటానికి కొండ అడ్డొస్తే తొలిచారు, పల్లం వస్తే మట్టి పోసి కట్ట లేపారు, లోయ వస్తే వంతెన కట్టారు. మలుపులు కూడా అంతే, ఎక్కడా మెలిక ఉండదు, విశాలంగా తిరుగుతాయి. వేలమంది కూలీలు పలుగూ పారా పట్టుకుని, ఎన్నో చోట్ల ప్రాణాలు పోగొట్టుకుని చేసిన పని ఇది.

ఆ కష్టమంతా ఆవిరి ఇంజను కోసం పడ్డారు. ఇప్పుడు అది ఎవరికి అక్కరకొస్తుందో చూడండి. నూటికి ఒకటి వాలు అంటే సైకిలు తొక్కేవారికి నేల చదునుగా ఉన్నట్టే లెక్క. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు నడవగలరు. నిన్నగాక మొన్న సైకిలు నేర్చుకున్న పిల్లలు తొక్కగలరు. చక్రాల కుర్చీలో ఉన్నవారు ఎవరి సాయమూ లేకుండా వెళ్లగలరు. కొండల అందం, లోయల అందం మామూలుగా కాళ్లలో సత్తువ ఉన్నవారికే దక్కుతుంది. పాత రైలు కట్ట మాత్రం సత్తువ లేనివారిని కూడా అక్కడిదాకా తీసుకెళ్తుంది. ఇంత మందిని కొండల మధ్యకు చేర్చగల దారిని ఈ రోజు కొత్తగా వేయాలంటే ఎంత ఖర్చవుతుందో, ఎన్ని కొండలు తవ్వాలో ఊహించుకోండి. అది మనకు సిద్ధంగా దొరుకుతోంది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎక్కడో ఒక వంతెన పోయిందని అక్కడ నిటారు మెట్లు కట్టి పని అయిపోయిందనుకుంటే, చక్రాల కుర్చీకి దారి అక్కడితో ముగిసినట్టే. ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల్లో మాన్సల్ ట్రైల్ అనే బాట ఉంది. ఆ రైలు మార్గం 1968లో మూతపడింది. 1980లలో దాన్ని నడకదారిగా తెరిచారు కానీ సొరంగాలను మూసే ఉంచారు. సొరంగం వచ్చిన ప్రతిచోటా నడిచేవారు కట్ట దిగి, కొండ పక్కగా ఎగుడుదిగుడు దారిలో చుట్టూ తిరిగి, అవతల మళ్లీ కట్ట ఎక్కాలి. సైకిలుకు అది కుదిరే పని కాదు. 2011లో నాలుగు పెద్ద సొరంగాలను బాగుచేసి, దీపాలు పెట్టి తెరిచారు. ఒక్కొక్కటి దాదాపు 400 మీటర్లు. అప్పటికి గాని దాదాపు 14 కిలోమీటర్ల ఆ బాట ఒక్కటి కాలేదు. మూసి ఉంచిన ఆ ముప్పై ఏళ్లూ దారి ఉన్నట్టే కనిపించింది, చాలామందికి మాత్రం లేనట్టే.

ఇదే మాన్సల్ లోయ మీద రైలు వంతెన కట్టినప్పుడు ఇంగ్లండు రచయిత జాన్ రస్కిన్ మండిపడ్డాడు. అందమైన లోయను పాడుచేశారన్నాడు. ఇప్పుడు ఆ రాతి కమానుల వంతెన రక్షిత కట్టడం. దాని మీద నిలబడి లోయను చూడటానికే జనం వస్తారు. రస్కిన్ కోపం తప్పని నేను అనను. లోయకు జరిగింది నష్టమే. ఆ నష్టం జరిగిపోయాక, కనీసం దాన్ని అందరికీ పనికొచ్చేలా చేయడం తర్వాతి తరాల బాధ్యత.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైందో కొంచెం చెబుతాను. అమెరికాలో రైలు మార్గాల మొత్తం పొడవు 1916 ప్రాంతంలో శిఖరానికి చేరింది. సుమారు 4 లక్షల కిలోమీటర్లు. ఆ తర్వాత లారీలు, కార్లు, విమానాలు వచ్చాయి, మార్గాలు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. షికాగో శివార్లలో అలా ఆగిపోయిన ఒక విద్యుత్ రైలు మార్గం గురించి 1963లో మే థీల్‌గార్డ్ వాట్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త షికాగో ట్రిబ్యూన్ పత్రికకు లేఖ రాసింది. దీన్ని నడకదారి చేద్దాం, ఆలస్యం చేస్తే బుల్డోజర్లు కాచుకుని ఉన్నాయి అన్నది ఆ లేఖ సారాంశం. దాని ఫలితమే ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్. ఒక వృక్షశాస్త్ర ఉద్యానంలో జనానికి చెట్ల గురించి చెప్పే మనిషి రాసిన ఒకే ఒక లేఖ అంత పని చేసింది. ఆమె అందంతో పాటు తొందరపడాల్సిన అవసరాన్ని కూడా గుర్తించింది, నాకు గౌరవం కలిగేది అక్కడే.

అదే 1963లో బ్రిటన్‌లో రైల్వే బోర్డు అధ్యక్షుడు రిచర్డ్ బీచింగ్ నివేదిక వచ్చింది. సుమారు 8,000 కిలోమీటర్ల మార్గాలను, 2,363 స్టేషన్లను మూసేయమని చెప్పింది. కొన్ని బతికిపోయాయి, చాలా మూతపడ్డాయి. మూసిన భూమిని ఏం చేయాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికీ లేదు. ముక్కలుగా అమ్మేశారు. ఒకచోట ఇళ్లు వచ్చాయి, ఒకచోట గోదాము, ఒకచోట రోడ్డు వెడల్పు చేయడానికి వంతెన పడగొట్టారు. అలా పోయినవి పోగా మిగిలిన ఒక మార్గం మీద, బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య, 1979లో స్వచ్ఛంద కార్యకర్తలు పారలు పట్టుకుని పని మొదలుపెట్టారు. 1986 నాటికి 21 కిలోమీటర్ల బాట పూర్తయింది. ఆ పని చేసిన బృందమే తర్వాత సస్ట్రాన్స్ సంస్థ అయింది, ఆ దేశమంతటా సైకిలు దారుల వలయాన్ని అల్లింది. ఆ రెండు నగరాల మధ్య ఆ బాట మీద ఈ రోజు షికారు వెళ్లేవారే కాదు, పనికి వెళ్లేవారూ కనిపిస్తారు.

ఇక చట్టం సంగతి. ఇది కొంచెం పొడిగా అనిపించినా ఓపికగా వినండి, దారులు తెగేది ఎక్కువగా ఇక్కడే.

రైలు కట్ట కింద ఉన్న భూమి అంతా రైల్వేదే అనుకుంటాం. అమెరికాలో చాలాచోట్ల అది నిజం కాదు. భూమి రైతుదో, ప్రభుత్వానిదో. రైల్వేకు దాని మీదుగా రైళ్లు నడుపుకునే హక్కు మాత్రమే ఉంటుంది. రైలు ఆగిపోతే హక్కు పోయి, భూమి సొంతదారుకు తిరిగి వెళ్తుంది. అమెరికా 1983లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. మార్గాన్ని పూర్తిగా వదిలేసినట్టు ప్రకటించకుండా, మున్ముందు ఎప్పుడైనా రైలు అవసరం పడవచ్చు కాబట్టి భద్రపరుస్తున్నామని చెప్పి, ఈలోగా బాటగా వాడుకునే వీలు కల్పించింది. వాళ్లు దీన్ని రైల్‌బ్యాంకింగ్ అంటారు. పక్క భూముల వాళ్లు కోర్టుకెక్కారు. 1990లో ప్రెసో కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది, నష్టపోయినవారు పరిహారం అడగవచ్చని కూడా చెప్పింది. 2014లో వయోమింగ్ రాష్ట్రం నుంచి వచ్చిన బ్రాండ్ట్ కేసులో తీర్పు ఇంకో వైపు మొగ్గింది. అక్కడ రైల్వే మార్గాన్ని పూర్తిగా వదిలేసింది, భద్రపరచలేదు. కాబట్టి రైల్వే హక్కు అంతటితో ముగిసిపోయింది, భూమి సొంతదారుదేనని కోర్టు చెప్పింది. రెండు కేసుల మధ్య తేడా చూడండి. మార్గం మూసే రోజున ఒక కాగితం మీద ఏం రాశారన్న దాన్ని బట్టి కిలోమీటర్ల దారి ఉంటుందో పోతుందో తేలిపోతోంది. తర్వాత ఎంత ఉద్యమం చేసినా ఆ రోజు వెనక్కి రాదు.

భూమి అప్పటికే రైతుల చేతికి వెళ్లిపోయిన చోట ఏం చేయాలి? ఐర్లండు పశ్చిమ తీరంలో వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్ దాకా నడిచిన రైలు 1937లోనే ఆగిపోయింది. డెబ్బై ఏళ్ల తర్వాత ఆ కట్ట మీద బాట వేయాలనుకున్నప్పుడు వందకు పైగా సొంతదారులున్నారు. వాళ్ల భూమిని బలవంతంగా తీసుకోలేదు. ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి మాట్లాడారు. భూమి మీదే, జనం నడవడానికి అనుమతి మాత్రం ఇవ్వండి అన్నారు. పశువులు బయటికి పోకుండా కంచెలు, గేట్లు పెట్టించే బాధ్యత తీసుకున్నారు. 2010లో మొదటి ముక్క, 2011లో మిగతాది తెరిచారు. మొత్తం సుమారు 42 కిలోమీటర్లు. అనుమతి ఇచ్చినవారు దాన్ని వెనక్కి తీసుకోగలరు కూడా. ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అయినా నాకు ఈ పద్ధతి మీదే గురి. కట్ట పక్కన ఇల్లున్న మనిషి భయాలు ఉత్తుత్తివి కావు. దొంగలు వస్తారేమో, పెరట్లోకి తొంగిచూస్తారేమో, కుక్కలు గొర్రెలను తరుముతాయేమో. వాటిని తేలిక చేసి మాట్లాడితే మనిషి మొండికేస్తాడు. పెరటి దగ్గర నాలుగు గుబురు మొక్కలు నాటిస్తాం, గేటు ఇక్కడ పెడదామా అక్కడ పెడదామా అని అడిగితే మాట సాగుతుంది.

సరే, దారి చేతికి వచ్చింది. ఇక పని. ఇందులో ముందు చెప్పుకోవాల్సింది నీరు. కొత్త బాట ఎలా ఉండాలని అడిగితే అందరూ పైపొర గురించే మాట్లాడతారు, తారా, రాతిపొడా, మట్టా అని. నన్నడిగితే ముందు తూములు చూడమంటాను. కొండను కోసి దారి చేసిన చోట రెండు పక్కల నుంచీ నీరు లోపలికే దిగుతుంది. రైలు నడిచిన రోజుల్లో పట్టాలకు అటూ ఇటూ కాలువలుండేవి, ముఠా కూలీలు ఏటా వాటిలో ఆకులూ మట్టీ తీసి శుభ్రం చేసేవారు. రైలు ఆగిన మరుసటి ఏడు నుంచి ఆ పని ఆగిపోతుంది. ఇరవై ఏళ్లకు కాలువ ఆనవాలు ఉండదు, కోత అంతా బురద. ఎత్తు కట్టల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. కట్ట అడుగున వాగు నీరు పోవడానికి ఇటుక తూము ఉంటుంది. పైనుంచి చూస్తే కనిపించదు. ముళ్లపొదలు నరుక్కుంటూ కిందికి దిగితే తూము నోరు సగం పూడిపోయి, ఒక పెద్ద వేరు ఇటుకలను పక్కకు నెట్టి లోపలికి పాకి ఉంటుంది. దాన్ని అలాగే వదిలేసి పైన చక్కగా బాట వేస్తే, ఒక పెద్ద వానకు నీరు వెనక నిలిచి కట్టనే కోసుకుపోతుంది. బాట మాత్రం ప్రారంభోత్సవం నాటికి ఎంతో ముచ్చటగా ఉంటుంది.

మట్టిని కూడా పరీక్ష చేయించాలి. చెక్క స్లీపర్లకు చెద పట్టకుండా క్రియోసోట్ అనే నూనె పట్టించేవారు. పట్టాల మధ్య కలుపు పెరగకుండా ఒకప్పుడు ఆర్సెనిక్ ఉన్న మందులు చల్లేవారు. బొగ్గు బూడిద సరేసరి. అందుకని అనుమానం ఉన్నచోట పాత మట్టిని పైకి తవ్వకుండా, శుభ్రమైన పొరను దాని మీద పరిచి కప్పేస్తారు.

పెద్ద కంకర మీద సైకిలు సాగదు. దాన్ని తీసేసో, మీద సన్నటి రాతిపొడి పరిచి రోలరుతో అణిచో పైపొర సిద్ధం చేస్తారు. నీరు నిలవకుండా కొద్దిగా ఒక పక్కకు వాలుగా ఉండాలి. చక్రాల కుర్చీలు, నగరాల దగ్గర రద్దీ ఉన్నచోట తారు మేలు. అడవిలో, పొలాల మధ్య గట్టిగా అణిచిన రాతిపొడి చాలు. కాళ్లకు అది హాయి కూడా.

వంతెనల గురించి జనం భయపడతారు గాని, బరువు విషయంలో భయం అక్కర్లేదు. వందల టన్నులు మోసినది మనుషులను మోయలేదా? తుప్పు, రాళ్ల మధ్య సున్నం చూసుకోవాలి, అంతే. చూడాల్సింది నేల. చాలా ఉక్కు వంతెనల మీద స్లీపర్ల మధ్య ఖాళీలుంటాయి, నిచ్చెనను పడుకోబెట్టినట్టు. కింద నది కనిపిస్తూ ఉంటుంది. పలకలు పరిచి, రెండు వైపులా నడుము దాటేంత ఎత్తు కటకటాలు పెట్టాలి. కెనడాలోని మైరా కాన్యన్‌లో అదే పని చేశారు. కొండ చరియను పట్టుకుని 18 వంతెనలు, ఎక్కువ భాగం కలపవి. పట్టాలు తీసేశాక స్థానికులే పలకలు, కటకటాలు బిగించుకున్నారు. 2003లో కార్చిచ్చు వచ్చి ఒకేసారి 12 వంతెనలను బూడిద చేసింది. ఇక వదిలేద్దాం అనడం తేలిక. వాళ్లు వదల్లేదు. 2008 నాటికి అన్నీ మళ్లీ కట్టారు. ఆ వంతెనలు లేకపోతే అక్కడ బాట అన్నది ఉండదు, లోయ అంచున ఆగిపోయిన కొన్ని ముక్కలుంటాయి, అంతే.

సొరంగాల దగ్గర నేను కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, నాకు వాటి మీద ప్రేమ. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు ఎల్‌రాయ్–స్పార్టా బాట ఈ తరహా బాటల్లో అన్నిటికన్నా పాతవాటిలో ఒకటి. 1960లలోనే తెరిచారు, సుమారు 51 కిలోమీటర్లు, మూడు సొరంగాలు. మూడోది 1,160 మీటర్ల పొడవు. లోపల దీపాలు లేవు. సైకిలు దిగి, చేతిలో టార్చి పట్టుకుని నడిపించుకుంటూ వెళ్లాలన్నది నియమం. కొంత దూరం పోయాక వెనక వెలుగు చుక్కంత అవుతుంది, ముందు వెలుగు ఇంకా కనిపించదు, పైకప్పు నుంచి నీరు మెడ మీద పడుతుంది. సొరంగం నోటికి పెద్ద పెద్ద చెక్క తలుపులుంటాయి. చలికాలంలో నీరు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి రాతిని పగలగొట్టకుండా వాటిని మూసేవారు. రైళ్లు నడిచిన రోజుల్లో రైలు వచ్చినప్పుడు తలుపులు తెరిచి, వెళ్లాక మూయడానికి ఒక కావలి మనిషి ఉండేవాడు. గడ్డకట్టే ఆ చలిలో, రాత్రీ పగలూ.

ఇంగ్లండులో బాత్ నగరం దగ్గర కూమ్ డౌన్ సొరంగం కథ వేరు. 1,672 మీటర్లు, మధ్యలో పైకి గాలి పోయే బిలాలు లేవు. 1929లో ఒక గూడ్సు రైలు సిబ్బంది అందులో ఇంజను పొగకు స్పృహ తప్పారు. రైలు అదుపు తప్పి దిగువన యార్డులోకి దూసుకుపోయింది, డ్రైవరుతో సహా ముగ్గురు చనిపోయారు. 2013లో ఆ సొరంగాన్ని సైకిళ్లకు, నడిచేవారికి తెరిచారు. ఇప్పుడు పొగ లేదు, గాలి చల్లగా, శుభ్రంగా ఉంటుంది. ఆ రైలు సిబ్బంది పడ్డ కష్టం గురించి అక్కడ నడిచే ప్రతి ఒక్కరికీ తెలియాలని నా కోరిక.

సొరంగంలో ఇంకొందరు కాపురం ఉంటారు, గబ్బిలాలు. మనం లేని రోజుల్లో వచ్చి స్థిరపడ్డాయి. దీపాలు రాత్రంతా వెలిగించి వాటిని తరిమేయకూడదు. చాలాచోట్ల దీపాలకు వేళలు పెట్టారు, అదే సరైన పద్ధతి. అసలు సుందరీకరణ పేరుతో జరిగే అతి మీద నాకు అభ్యంతరం ఉంది. రంగు దీపాలు, సిమెంటు బొమ్మలు, అడుగడుగునా బోర్డులు. పాత సిగ్నలు స్తంభం, కిలోమీటరు రాయి, ప్లాట్‌ఫారం అంచు, వీటిని ఉన్నచోట ఉంచండి చాలు. ఇది రైలు దారి అని అవే చెబుతాయి.

స్పెయిన్ ఈ విషయంలో మంచి పాఠం. 1993లో వీయాస్ వెర్దెస్, అంటే పచ్చని దారులు, పేరుతో మొదలుపెట్టి 3,000 కిలోమీటర్లు దాటారు. దక్షిణాన ఒల్వేరా, ప్యుయెర్తో సెర్రానో ఊళ్ల మధ్య 36 కిలోమీటర్ల బాటలో 30 సొరంగాలున్నాయి. విచిత్రం ఏమిటంటే దాని మీద ఒక్క రైలు కూడా నడవలేదు. 1920లలో మొదలైన పని, సొరంగాలూ వంతెనలూ స్టేషన్లూ కట్టాక, పట్టాలు వేయకముందే ఆగిపోయింది. దశాబ్దాల తర్వాత సైకిళ్లు దాని మొదటి ప్రయాణికులయ్యాయి. కొన్ని స్టేషన్లు ఇప్పుడు బస చేసే చోట్లు, భోజనశాలలు. దారిలో జఫ్రమగోన్ అనే కొండ శిఖరం మీద రాబందుల పెద్ద స్థావరం ఉంది. బాట మీద నుంచే వాటిని చూడవచ్చు.

న్యూజిలాండులో ఒటాగో సెంట్రల్ రైలు 1990లో ఆగిపోయింది. 2000లో సుమారు 150 కిలోమీటర్ల బాటగా తెరిచారు. మొత్తం తిరగడానికి చాలామందికి కొన్ని రోజులు పడుతుంది, కాబట్టి రాత్రి ఎక్కడో ఆగాలి, తినాలి, సైకిలు బాగుచేయించుకోవాలి. రైలుతో పాటే వాడిపోతున్న చిన్న ఊళ్లకు అలా మళ్లీ జీవం వచ్చింది. పొడవు వల్లే ఇది సాధ్యమైంది. అదే దారి పది ముక్కలై ఉంటే ఒక్క పూటలో చూసి కారెక్కి వెళ్లిపోయేవారు.

మళ్లీ రైలు కావాల్సి వస్తే ఏమిటని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్న. నేను రైలుకు వ్యతిరేకిని కాను. అవసరం ఉన్నచోట రైలు రావాలి, బాట పక్కకు జరగాలి. అమెరికాలో భద్రపరిచిన మార్గాల్లో కొన్నిటి మీద రైళ్లు తిరిగి నడిచాయి కూడా. బాటగా ఉన్న దారిని రైలుకు తిరిగి ఇవ్వవచ్చు. ఇళ్ల స్థలాలుగా అమ్మిన దారిని ఎవరికీ ఇవ్వలేం.

మీకు తెలిసిన చోట ఇలాంటి మార్గం ఏదైనా ఉంటే, అందమైన నమూనా బొమ్మలు గీయించడం ఆఖరి పని. ముందు పాత సర్వే పటం సంపాదించండి. ఆకులు రాలిన కాలంలో, భూమి సొంతదారులకు చెప్పి, ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. ప్రతి తూము, ప్రతి వంతెన, ప్రతి రోడ్డు దాటే చోటు, ఎవరి భూమి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుకోండి. ఎక్కడెక్కడ అమ్మకానికి బోర్డు ఉందో, ఎక్కడ వంతెన కూల్చాలని ఆలోచిస్తున్నారో ఆ జాబితాలో పైన పెట్టండి. ఆ వారమే వెళ్లి వాళ్లతో మాట్లాడండి, ఇంకా ఏమీ తేలకపోయినా కొంతకాలం ఆగమని లిఖితపూర్వకంగా అడగండి. మిగతా కట్ట ఎక్కడికీ పోదు, దాని పని తర్వాత చూసుకోవచ్చు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.